పిందెకు కప్పిన చీరముక్క

చిక్కడపల్లిలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరమ్మ పోయిన నెల కన్నుమూసింది. నిద్రలోనే పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు అశోక్‌నగర్‌లో కోచింగ్ క్లాసులో ఉన్నాను. మొదట గుర్తొచ్చింది మిద్దె మీది బూడిద గుమ్మడి తీగ, దానికున్న ఒకే ఒక్క కాయ. ఆమె ఉంటే, "నేను పోంగనే నా కాయ మీద పడ్డవా?" అనేది.

ఆమెకు అందరి మీదా అనుమానమే. పాలవాడు నీళ్లు కలుపుతాడని, పక్కింటివాళ్లు తొంగి చూస్తారని, నేను చదువు పేరు చెప్పి మిద్దె మీద తిరుగుతానని. ఏ వేళకు వచ్చానో, ఏం తిన్నానో ఈ ఊళ్లో నన్ను నిలదీసి అడిగిన మనిషి కూడా ఆమె ఒక్కతే.

నిరుటి కాయ గింజల్ని బూడిదలో కలిపి ఆరబెట్టి, పాత నీళ్ల డ్రమ్ముల్లో తానే నాటింది. మొలక లేచింది మొదలు కాపలా. పూత వచ్చాక, దిష్టి తగలకుండా ప్రతి ఆడపువ్వుకూ మొగ్గలోనే చీరముక్క చుట్టేసింది. పువ్వు కింది బుల్లి పిందె కొన్నాళ్లకే పసుపెక్కి రాలిపోయేది.

"ఎవలదో కన్ను పడుతున్నది," అంటూ నావైపే చూసేది.

"అమ్మా, గుడ్డ కడితే తేనెటీగ లోపలికి ఎట్ల పోతది? మగపువ్వు పొడి తగలాలె గద."

"ఓహో! గుడ్డ ఇప్పిచ్చి నువ్వు చూద్దామనా?"

మర్నాడు పొద్దున తనే పిలిచింది. "జర సేపే ఇప్పుత. నువ్వు అటు తిరిగి నిలబడు."

నారాయణగూడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనక గుడ్డముడి విప్పుతున్న చప్పుడు. తర్వాత గుసగుస: "వచ్చింది పిల్లా! ఎవలింటికెళ్లి వచ్చిందో ఏమో."

తేనెటీగనూ నమ్మలేదు. కానీ ఆ పిందె నిలిచింది.

ఒకరోజు చీరముక్క ఎత్తి నాకు చూపించింది. అప్పటిదాకా తీగకు నిలిచిన పిందె నాకు పుస్తకాల్లో చదివిన మాట. దాని లేత నూగును అప్పుడే చూశాను.

"వేలు చూపకు, కుళ్లిపోతది. చూపాల్నంటే గిట్ల," అని పిడికిలి బిగించి చూపింది. "ఎవల్నీ నమ్మొద్దు పిల్లా. నన్ను గూడ."

కర్మకాండ అయ్యాక ఆమె కూతురు మిద్దెకెక్కి వచ్చింది. "అమ్మ ఏదో కాయ పెంచిందట. ఏడున్నది?"

"ఎందుకక్కా?" అన్నాను. గొంతు నాదే, అనుమానం ఓనరమ్మది.

"ఏం లేదు, ఒక్కసారి చూస్త."

కాయ చీరముక్క కింద, ఒంటినిండా తెల్లని బూడిదతో పడుకుని ఉంది. నా చెయ్యి అటు లేచింది, వేళ్లన్నీ లోపలికి ముడుచుకుని.