బ్రేకుల్లేని బండి మా షెడ్డు దాటలేదు

పడవను రోడ్డు మీద లాక్కెళ్ళే బండిని అప్పటిదాకా మేము చూడనేలేదు. వరాలా తలావ్ అనే చెరువు దగ్గర మా షెడ్డులో పవర్‌లూముల విరిగిన ఫ్రేములు అతికేవాళ్ళం, నూలు చుట్టిన బీములు మోసే ట్రాలీలు చేసేవాళ్ళం. నా భర్త కరీంనగర్ వైపు నుంచి ఈ మగ్గాల ఊరికి వలస వచ్చి, గైబీ నగర్‌లో కొన్నేళ్ళు మగ్గం నడిపి, తర్వాత వెల్డింగ్ నేర్చుకున్నాడు. నేను ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. నాలుగేళ్ళయ్యేసరికి నా అతుకు ఆయన అతుకుకంటే సాఫుగా వచ్చేది.

కాల్హేర్‌లో గోదాములున్న ఒక సేఠ్ అప్పుడు కొత్తగా ఫైబర్ పడవ కొన్నాడు. సెలవులొస్తే దాన్ని జీపు వెనక కట్టుకుని కొంకణ్ సముద్రానికి వెళ్ళాలని ఆయన సరదా. మా ట్రాలీలు తన గోదాముల్లో తిరుగుతున్నాయి కాబట్టి మా దగ్గరికే వచ్చి, ఒక పత్రికలోంచి చింపిన బొమ్మ చూపించి, ఇలాంటి బండి కావాలన్నాడు.

"ఇంజన్‌తో కలిపి పడవ బరువెంత?" అని హిందీలో అడిగాను.

ఆయన నా భర్త వైపు తిరిగి జవాబు చెప్పాడు. టన్నుకు పైనే.

"మరి బండికి బ్రేకులు?"

"జీప్ మే బ్రేక్ హై నా!" అని నవ్వాడు. జీపుకు ఉన్నాయి కదా, మళ్ళీ బండికి ఎందుకంటాడు. బ్రేకుల కోసం ఒక్క రూపాయి కూడా పెట్టనని తేల్చి చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నా భర్తతో గొడవైంది.

"ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఎనక నుంచి టన్ను బరువు నూకుతది. గా జీపు ఎట్ల ఆగుతది?" అన్నాను.

"ఆయన వద్దన్నడు గదా. మనకేంది?"

"తోలేటోడు మనిషి కాదా?"

"నువ్వేందే, గింత పెద్ద ఆర్డర్ చెడగొడ్తవా?"

ఆయన మగ్గం నడిపినవాడే. షటిల్ మధ్యలో ఇరుక్కున్నప్పుడు మగ్గం ఆ క్షణమే ఆగకపోతే పడుగంతా తెగిపోతుందని నాకు చెప్పింది ఆయనే. ఆ మాటే గుర్తు చేశాను. ఆయన మరునాడే ఫ్రేముకు ఇనుము తెచ్చి పడేశాడు.

మూడు వారాల్లో ఫ్రేము తయారైంది. పడవ అడుగు ఒరుసుకోకుండా చెక్కలకు పాత తివాచీ చుట్టాను. పడవ జారి ఎక్కేందుకు రబ్బరు రోలర్లు బిగించాం. పని చేస్తున్నంతసేపూ సేఠ్ మనసు మారుతుందనే అనుకున్నాను. ఆయన మారలేదు. ఒక పొద్దున జీపుతో దిగాడు, బండిని తగిలించి పడవ దగ్గరికి తీసుకుపొమ్మని డ్రైవరుకు చెప్పాడు.

డ్రైవరు మనవాడే, జగిత్యాల వైపు మనిషి. ఒకప్పుడు మగ్గాల షెడ్డులో పనిచేసి తర్వాత స్టీరింగ్ పట్టాడు. బండి చుట్టూ తిరిగి చక్రాల వెనక వంగి చూసి, "అక్కా, దీనికి బ్రేకుల్లేవా?" అన్నాడు. ఆ గొంతులో భయం విన్నాను.

నేను గ్యాస్ కట్టర్ వెలిగించాను. జీపుకు తగిలించే ముందరి కొక్కెం నేనే అతికాను. దాన్ని నేనే కోసేశాను. ఎర్రగా కాలిన ముక్క నేల మీద పడింది.

సేఠ్ కేకలు వేశాడు. దుకాణం ఆడదాని చేతికిచ్చావా అని నా భర్తను తిట్టాడు. నేను కళ్ళద్దాలు పైకి తోసి, "బ్రేకులు పెట్టనిదే ఈ బండి ఇక్కడి నుంచి కదలదు. వేరే చోట చేయించుకోండి" అన్నాను. నా భర్త తల దించుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు. సేఠ్ ఉత్త జీపుతో తిరిగి వెళ్ళాడు.

మూడో రోజు డ్రైవరు ఒక్కడే వచ్చాడు.

"సేఠ్‌కు చెప్పిన అక్కా. బ్రేకుల్లేకుంటే నేను తోల, ఇంకో డ్రైవర్‌ను చూసుకో అన్న."

"పని పోతే?"

"పోతే మళ్ళ మగ్గం పట్టుకుంట. బతికి ఉంటెనే గదా ఏదైనా."

లోపల నుంచి నా భర్త విన్నాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. మధ్యాహ్నానికి పాత ఇనుము అమ్మే భంగార్ దుకాణం నుంచి బ్రేకు డ్రమ్ములతో సహా ఒక వ్యాను ఇరుసును తోపుడుబండి మీద వేయించుకుని వచ్చాడు. "ఏ బ్రేకు పెడ్తవో నువ్వే చెప్పు" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, ఆయనకు కనబడనివ్వలేదు.

ఆ మరునాడు సేఠ్ కబురు పంపాడు: బ్రేకులు పెట్టుకోండి, తొందరగా కానివ్వండి అని.

ఏది పెట్టాలన్నది తేల్చుకోవడానికి ఒక రోజంతా పట్టింది. తీగతో లాగే బ్రేకు సులువే, కానీ ఉప్పునీళ్ళలో తీగ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. కరెంటు బ్రేకు నీళ్ళలో మునిగితే దాన్ని నమ్మలేం. ఆయిల్ బ్రేకు పెడదామన్నాను. జీపు నెమ్మదించగానే వెనక బండి ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడుకే, నేను కోసేసిన కొక్కెం చోట, ఒక గొట్టం ఇంకో గొట్టంలోకి జరిగి ఆయిల్ సిలిండర్‌ను నొక్కాలి, చక్రాలకు బ్రేకు పడాలి. డ్రైవరు ఏ మీటా పట్టుకోనక్కర్లేదు.

పడవ ఎక్కించి కాల్హేర్ గోదాముల మధ్య ఖాళీ రోడ్డు మీద పరీక్షించాం. జీపులో నేనూ కూర్చున్నాను. బ్రేకు గట్టిగా తొక్కమన్నాను. వెనక నుంచి ఒక్క గుద్దు కూడా తగలకుండా ఆగింది. డ్రైవరు నా వైపు చూసి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

అక్కడి నుంచి నేరుగా ఖాడీకి, అంటే సముద్రపు పాయ ఒడ్డుకు, వెళ్ళాం. పడవను నీళ్ళలోకి దించాలంటే బండిని వెనక్కి నెట్టాలి. వెనక్కి నెట్టినా గొట్టం లోపలికే జరుగుతుందని నాకు తట్టనేలేదు. బ్రేకు పట్టేసి బండి అక్కడే బిగుసుకుపోయింది. ఒడ్డున నిలబడ్డ సేఠ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ బ్రేకు నా పడవను నీళ్ళ మొహం చూడనివ్వదా?" అన్నాడు. తప్పు నాదే. ఒప్పుకున్నాను. బ్రేకులు తీసేయమంటే మాత్రం ఒప్పుకోలేదు.

వెనక్కి వెళ్ళేటప్పుడు గొట్టం జరగకుండా అడ్డంగా ఒక పిన్ను పెట్టే ఏర్పాటు చేశాను. కానీ ఆ పిన్ను తీయడం మరచి రోడ్డెక్కితే బ్రేకులు లేనట్టే. అందుకని పిన్నుకు ఎర్రరంగు వేసిన రేకు ఒకటి అతికాను. పిన్ను దిగిందంటే రేకు పైకి లేచి డ్రైవరు అద్దంలో నిలువునా కనబడుతుంది.

"చూడ్డానికి బాగాలేదు, ఆ రేకు పీకెయ్" అన్నాడు సేఠ్.

"రేకు పోతే బండి కూడా ఇక్కడే ఉంటుంది" అన్నాను. ఈసారి నా భర్త నా పక్కనే నిలబడ్డాడు.

మొదటిసారి కొంకణ్ వెళ్ళొచ్చాక డ్రైవరు వచ్చి చెప్పాడు. ఘాట్ మలుపులో ముందు పోతున్న బస్సు ఉన్నట్టుండి ఆగిందట. "మన బండి ఎనక నుంచి ఎవలో చొక్కా పట్టి గుంజినట్టు ఆగింది అక్కా. సేఠ్ నా పక్కనే ఉన్నడు."

బ్రేకులు పెట్టి మంచి పని చేశావని సేఠ్ నాతో ఎప్పుడూ అనలేదు. నేనూ ఎదురు చూడలేదు.

ఆ తర్వాత ఏళ్ళలో అలాంటి బండ్లు ఇంకో నాలుగు చేశాం. బ్రేకుల్లేకుండా కావాలని ఇద్దరు వచ్చారు. ఒకడు బతిమాలాడు, ఒకడు బెదిరించాడు. ఇద్దరినీ పంపించేశాను. బెదిరించినవాడు వేరే చోట చేయించుకుని, మాకు కనబడాలనే కాబోలు, మా షెడ్డు ముందు నుంచే ఆ బండి లాక్కుంటూ వెళ్ళాడు. ఆ బండి తర్వాత ఏమైందో నాకు తెలియదు. అందులో నా అతుకు ఒక్కటీ లేదు, అంతవరకు తెలుసు.