గొట్టానికీ తాటాకుకీ మధ్య మూరెడు

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా వీధిలో చల్లమ్ముకునే అవ్వ. "మీ తోడికోడలింట్లో పొగ రాని పొయ్యి పెట్టారమ్మా. పొగంతా గొట్టంలోంచి పైకి పోద్దంట."

ఎనభైల్లో మాట. అద్దంకి దగ్గర మా పల్లెలో మా రెండు వంటిళ్ళకీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం. వారం తిరక్కుండా ఆయాసం మనిషి మా అత్తమ్మ పీట పట్టుకుని గోడ అవతలికి వెళ్ళిపోయింది. "అక్కడ కళ్ళు మండవే" అంది. బడి మొహం చూడని నాకు అక్షరాలు దిద్దించి బైబిలు చదివించింది ఆవిడే. పత్తికట్టె పొగలో ఒక్కదాన్నే కూర్చుని వాళ్ళిద్దరి నవ్వులూ వింటుంటే నాకు ప్రార్థన సాగేది కాదు. అత్తమ్మ నా వంటింట్లో కూర్చోవాలి, అంతే.

దేవుడి దయవల్ల నాకూ పొయ్యి వచ్చింది. "గొట్టం కప్పు దాటేచోట చుట్టూ మూరెడు మేర తాటాకు కోసి రేకు వెయ్యండి" అని చెప్పి మేస్త్రీ వెళ్ళాడు. నిచ్చెనెక్కి నేనే కొలిచాను, పిడికిలి బిగించి.

కింద నుంచి తోడికోడలు చూసింది. "అది పూలమ్మే మూరే పిల్లా. వేళ్ళు చాపి కొలువు. రేకు చాలకపోతే నా దగ్గర ముక్క మిగిలింది."

"నీ మిగులు నాకెందుకక్కా?" అన్నాను. నా నూనెడబ్బా రేకు ఆ పిడికిలి మూరకే సరిపోయింది మరి.

మర్నాడు పొద్దున అత్తమ్మను పిలిచి పొయ్యి పక్కనే కూర్చోబెట్టి, మిరపకట్టె దండిగా ఎగేశాను. అన్నం ఉడికేలోపే గొట్టం పక్క ఆకు రాజుకుంది. అత్తమ్మ గబుక్కున లేవలేని మనిషి. నేను ఆవిణ్ణి రెక్క పట్టుకుని వాకిట్లోకి లాగుతుంటే, తోడికోడలు నిచ్చెనెక్కి అంటుకున్న ఆకుల్ని ఉత్త చేతుల్తో పీకి కింద పడేసింది. ఆ మీద రెండు బిందెల నీళ్ళు. ఇల్లు నిలిచింది. తోడికోడలి కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది.

"ఇంక నేను ఎక్కలేను. నువ్వే కొలువు. ఈసారి వేళ్ళు చాపి" అంది, తన రేకు ముక్క నా ముందు పెట్టి.

అత్తమ్మ ప్రాణంతో ఉన్నందుకు ఎన్ని స్తోత్రాలు చెప్పుకున్నానో. అయినా ఆ పూట అత్తమ్మ మళ్ళీ గోడ అవతలికే వెళ్ళి, కట్టు కట్టిన ఆవిడకి ముద్దలు కలిపి నోటికి పెడుతుంటే, ప్రభువు క్షమించాలి, నాకు మళ్ళీ కుళ్ళే.

చదివేవాళ్ళని ఒకటే అడుగుతున్నాను. ప్రార్థనలో నా తోడికోడల్ని ఒక్కసారి తలుచుకోండి. నేనూ రోజూ తలుచుకుంటాను గానీ, అందులో ఇప్పటికీ కాస్త కుళ్ళు కలుస్తుంది. మీదాంట్లో కలవదు.