కాదనే బలం లేనోనితోని బేరం

హెలికాప్టర్ మమ్ముల దింపలేదు. పారబోసింది. దాని కాళ్లు మంచుకు ఆనీ ఆనకముందే "దూకు" అన్నరు. దూకిన. మోకాళ్లదాకా దిగబడ్డ. నా ఎనుక రెండు కిరోసిన్ డబ్బాలు, ఒక గోధుమపిండి బస్తా వచ్చిపడ్డయి. హెలికాప్టర్ లేచిపోయింది. ఆ చప్పుడు పోయినంక చెవులల్ల ఏమీ మిగలలేదు. ఊపిరి పీల్చిన. సగమే లోపలికి పోయింది. తక్కిన సగం కోసం నోరు తెరుచుకొని నిలబడ్డ.

తెలంగాణ వచ్చిన కొత్తల సంగతి ఇది. ఉత్తరాన సరిహద్దు మీద, పద్దెనిమిది వేల అడుగుల పైన, పేరు రాయకూడని ఒక పోస్టు. మూడు నెలల డ్యూటీ. ఒక ఫైబర్ గుడిసె, మంచు తవ్వి చేసిన ఒక బంకర్, రెండిటి నడుమ తాడు. తాడు పట్టుకోకుండ అటునుంచి ఇటు పోవద్దు. అది మొదటి ఆర్డర్. తలనొప్పిగాని దగ్గుగాని వస్తే దాచొద్దు. అది రెండోది.

రామన్నపేటల మాది కిరాణం దుకాణం. మా ఇంట్ల మూడు తరాల సంది తక్కెడ తప్ప ఎవరూ ఏదీ ఎత్తలేదు. నేను తుపాకి ఎత్తిన. అయినా ఫౌజు నా మొఖం చూసి కనిపెట్టింది. పోస్టు స్టోరు నాకే అప్పజెప్పింది. పప్పు, కిరోసిన్, బ్యాటరీలు, ఆక్సిజన్ సిలిండర్లు. పైకొచ్చేముందు అందరికి రెండు జతల ఉన్ని సాక్సులు ఇచ్చిన్రు. నేను కింద స్టోరు హవల్దారుతోని చాయ తాగి, ఆయన బిడ్డ పెండ్లి ముచ్చట మొత్తం విని, మూడో జత సంపాయించిన. పైకొచ్చి చూస్తే అది నా కాలికి పట్టలే. నా బేరాలన్నీ గట్లనే ఉంటయి. వారం తిరగకముందే పోస్టు మొత్తం నన్ను "సేఠ్" అని పిలిచింది.

పోస్టు కమాండర్ సుబేదారు. మాట తక్కువ మనిషి. ఇద్దరు మషీన్ గన్ మీద. వైర్‌లెస్ సెట్ మీద ఆపరేటర్, గఢ్వాల్ కొండలోడు, వానికంటె వాని నవ్వే ముందు వచ్చేది. ఇంకొకరు నర్సింగ్ అసిస్టెంట్. డాక్టర్ పైదాకా రాడు కాబట్టి ఆయన్నే అందరం డాక్టర్ అన్నం.

మొదటిరోజు ఆ డాక్టర్ నా చెయ్యి పట్టి గోరు ఒత్తి చూసిండు.

"ఏ ఊరు?" హిందీల అడిగిండు.

"రామన్నపేట. నల్లగొండ దిక్కు."

"ఓర్నీ! మాది కొత్తకోట దగ్గర తమ్మీ, పాలమూరు."

అంతెత్తు మంచుల మన యాస ఇనబడితే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. కావలించుకోబోయిన. అంతల ఆయన మెడల నల్లదారం, దానికి చిన్న కట్టె సిలువ కనబడ్డది.

"ఏందన్నా, నువ్వు కిరస్తానపోనివా?"

"అవు. నువ్వు దుకాణపోనివా?"

"ఎట్ల తెల్సు?"

"సరుకు ముట్టకముందే పెదవి ఇరిచినవు" అని నవ్విండు.

అక్కడ సాయంత్రం నాలుగు దాటితే చేసే పని ఉండదు. కిరోసిన్ పొయ్యి చుట్టూ కూసునుడే. నాకు బేరమాడక నోరు దురద పెడుతది. ఎవని దగ్గరా అమ్మెటందుకు ఏం లేదు. డాక్టర్ దగ్గర ఒక దేవుడున్నడు. ఇగ ఆయన మీద పడ్డ.

"మీ తాతలు బియ్యం బస్తకు మారిన్రట గద?"

నేనైతే ఎదురు తిట్టు కోసం తయారై కూసున్న. ఆయన పొయ్యి మంట తగ్గించి, నిమ్మలంగ చెప్పిండు.

"మా అవ్వను నేను గూడ గిదే అడిగిన తమ్మీ. కరువుల బియ్యం తీసుకున్నవా అని. తీసుకున్న అన్నది. ఆకలైంది, తీసుకున్న, ఎందుకు అబద్ధమాడాలె అన్నది. ఆ బియ్యం ఒక్క వానకాలంల ఒడిసింది. ఆమె మాత్రం సచ్చెదాక ప్రతి ఆదివారం పోయింది. ఎందుకు పోతివే అంటె, అక్కడ నన్ను గడప బయట కూసోబెట్టలే బిడ్డా అన్నది."

అయినా తొలి మాటకే ఒప్పుకుంటె మా బాపు కొడుకునెట్లయిత? తెల్లారి ఇంకోటి తీసిన.

"తెల్లోని దేవుడు మనకెందుకన్నా?"

"పుట్టింది తెల్లోల్ల దేశంల కాదు, ఎండ దంచికొట్టే జాగల. మన పాలమూరు అసొంటిదే అనుకో. కని నీ మాటల నిజమున్నది. తెల్లోలు తెచ్చినప్పుడు వాళ్ల టోపీ గూడ తెచ్చిన్రు. మా పాత పెద్దలు కొందరు దేవున్నీ టోపీనీ కలిపి నెత్తిన పెట్టుకున్నరు. అది తప్పే."

ఇదీ ఆయన పద్ధతి. నేను ఒక రాయి ఇసిరితె, దాన్ని పట్టుకొని, దుమ్ము దులిపి, ఇది గట్టి రాయే తమ్మీ అని నా చేతికే ఇచ్చేటోడు. బేరంల సప్పుడు చేయని దుకాణపోనికి నేను శానా భయపడుత. ధర దించడు, లేపడు, సరుకు పొగడడు. ఆఖర్ల ఎక్కడో పెద్ద దెబ్బ పెడుతడని నా అనుమానం. ఆ దెబ్బ ఎక్కడో గూడ నాకు తెల్సనుకున్న. ఒకరోజు మొఖం మీదనే అడిగిన.

"అన్నా, మీరు మంచిగున్నోన్ని పట్టరు. దవాఖానల పండుకున్నోన్ని, సావుబతుకుల్ల ఉన్నోన్ని పడుతరు. కాదంటవా?"

ఈసారి ఆయన నవ్వలే. "గట్ల చేసేటోలు ఉన్నరు" అన్నడు. ఇంకేం అనలే. నేను గెలిచిన అనుకున్న. సంబరంగ పండుకున్న.

రెండో నెలల మబ్బు దిగింది. చెయ్యి చాపితె వేళ్లు కనబడలే. గాలి తాడును ఈల లెక్క వాయించింది. ఆ పొద్దు ఏడు గంటలకు బంకర్ల సెట్ మోగుతనే ఉన్నది.

"రోమియో, రోమియో, జవాబియ్యి. ఓవర్."

సెట్ మీద రోమియో అంటె మా పోస్టే. జవాబు లేదు. ఆపరేటర్ నిద్రపోతుండని తిట్టుకుంట నేనే పోయిన. కూసున్నడు. చెవులకు హెడ్‌ఫోన్ ఉన్నది. పెదవులు నేరేడుపండ్ల రంగు. నోటి పక్కపొంటి ఎర్రటి నురుగు. వాని రొమ్ముల హుక్కాల నీళ్లు మరిగిన సప్పుడు. నిన్న రాత్రి ఇదే మనిషి నా చేతుల రొట్టె గుంజుకొని తిన్నడు.

డాక్టర్ వచ్చి చెవి రొమ్ముకు ఆనిచ్చిండు. "ఎన్ని రోజుల సంది దగ్గు?"

వాడు మూడు వేళ్లు చూపిచ్చిండు. వచ్చే హెలికాప్టర్ల వానికి సెలవు. దగ్గు చెప్తె దవాఖానకు పంపుతరు, సెలవు పోతది. అందుకని దాచిండు. నవ్వుల కలిపి దాచిండు. తక్కిన ఐదుగురిల ఎవ్వలం పట్టుకోలే.

ఊపిరితిత్తులల్లకు నీళ్లు. కిందికి దించాలె. అంతకు మించిన మందు లేదు. సుబేదారు సెట్ పట్టుకున్నడు.

"హెలికాప్టర్ కావాలె. ఓవర్."

"తయారున్నది. మబ్బు ఇడువకపోతె లెవ్వదు. ఓవర్."

"మోసుకొని దిగుతం. ఓవర్."

"దారి మీద మంచు కూలుతున్నది. కదలొద్దు. మళ్ల చెప్తున్న, కదలొద్దు. అవుట్."

స్టోరుల ఉన్న ఆక్సిజనంతా తెచ్చిన. నేనే కాపలా కాసిన సరుకు. ఇయ్యాల అది ఎంత తక్కువున్నదో చూసి మళ్లొకసారి లెక్కపెట్టిన. మనిషిని లోపల పండబెట్టి కాలిపంపుతోని గాలి కొట్టే సంచి ఒకటుంటది. అండ్ల పెట్టినం. ఒకని ఎనుక ఒకడు పంపు తొక్కినం. మధ్యాహ్నం బయటికి తీస్తె జర రంగు తిరిగింది. కండ్లు తెరిచిండు. వాడు డాక్టర్ కాలర్ పట్టుకున్నడు. ఆ పిడికిట్లకు సిలువ గూడ వచ్చింది.

"డాక్టర్ సాబ్, మీ యేసుకు చెప్పు. నేను మీ దాంట్ల చేరుత. పేరు మార్చుకుంట. ఏం చెప్తె అది చేస్త. మబ్బు తీయమను."

ఇదే. నేను అన్నది ఇదే. కొనేటోడు తనంతట తనే కాళ్ల మీద పడుతుంటె ఇడిచిపెట్టిన దుకాణపోన్ని నేను పుట్టినసంది చూడలే. వానికి తెల్వకుండ తెలుగుల గట్టిగనే అరిచిన.

"అన్నా, జర చూసి మాట్లాడు!"

డాక్టర్ నా దిక్కు చూడలే. వాని పిడికిలి ఇడిపించలే. వంగి వాని చెవుల చెప్పిండు.

"నువ్వేం ఇయ్యొద్దు. పేరు మార్చుకోవద్దు. నీ కోసం నేను అడుగుతనే ఉన్న. దానికి నువ్వు కట్టేది ఏం లేదు. నీ నోటికి చిన్నప్పటిసంది ఏ పేరు వస్తది?"

"బజరంగ్‌బలి."

"సేటూ, ఇటు రా. వీనికి ఊపిరి సాలదు. వీని తరఫున నువ్వు పిలువు."

పొద్దున్నుంచి మబ్బేంది, నురుగేంది, ఏదీ నన్ను ఆ మాటంత గట్టిగ కొట్టలే. ఒకదిక్కు ఆయన కండ్లు మూసుకొని పెదవులు కదిలించుకుంట నాడి పట్టుకున్నడు. ఇంకోదిక్కు నేను బజరంగ్‌బలి పేరు తీసుకుంట కూసున్న. నడుమ వాడు.

పొద్దు గుంకకముందే వాని ఊపిరి ఆగింది.

తెల్లారి ఆకాశం కడిగిన పళ్లెం లెక్క ఉన్నది. ఒక్క మబ్బు లేదు. హెలికాప్టర్ వచ్చింది. సెలవు మీద పోవాల్సినోన్ని సంచిల చుట్టి ఎక్కిచ్చినం. అది కనుమరుగైనంక నేను డాక్టర్ మీదికి పోయిన.

"అడిగినవు గద. నిన్నంత అడిగినవు గద! ఒక్కరోజు ముందు తీయరాలేదా ఈ మబ్బును? ఏం చెప్తవు దీనికి?"

"తెల్వదు."

"తెల్వదంటె?"

"తెల్వదు తమ్మీ. నువ్వు నన్ను అడుగుతున్నవు. నేను ఆయన్ని అడుగుతున్న. ఇద్దరిది ఒకటే మాట." ఆయన బూటుతోని మంచు గెలికిండు. "నీకు చెప్పెటందుకు నా దగ్గర మాటలు లెవ్వా? శానా ఉన్నయి. ఇయ్యాల అవి ఒక్కటి గూడ నా నోట్ల పడుతలే."

చినిగిన గుడ్డ మడతల లోపలికి పెట్టి అమ్ముడు నాకు తెల్సు. చినిగిన దిక్కే పైకి తిప్పి ముందర పరిచినోన్ని అప్పుడే చూసిన. నా కోపం పోలే. కని కొట్టేటందుకు జాగ దొరకలే.

నాలుగైదు రోజులైనంక, మంచు తవ్వుకుంట, అడగక ఉండలేకపోయిన.

"నిన్న కాక మొన్న వాడు చేరుత అన్నడు గదన్నా. ఎందుకు తీసుకోలే?"

ఆయన పార మంచుల గుచ్చి నిలబడ్డడు.

"మా నాయిన పోయిననాడు కొత్తకోటల గుడ్డకు పోయిన. పీనుగు మీద కప్పే కొత్తగుడ్డ. ధర ఎంత అన్న. దుకాణమాయన గజం పట్టి కొలుస్తనే ఉన్నడు, మాట్లాడలే. మళ్ల అడిగిన. గిది బేరం సరుకు కాదు బిడ్డా, తీస్కపో, తర్వాత మామూలు ధర ఇద్దువు అన్నడు. ఆయన ఎంత అడిగినా ఇస్తుంటి తమ్మీ. కాదనే బలం నాకు ఆనాడు లేదు. అది ఆయనకు ఎరుకే. ఎరుకుండి అడగలే."

మా బాపు గూడ గంతే. పెసర్లల్ల ఇసుక ఉన్నదంటె పొద్దంత కొట్లాడే మనిషి, సావుసామాను కోసం ఎవరన్న వస్తె తలకాయ దించుకొని కట్టిచ్చి పంపుతడు. మా బజారుల అందరూ అంతే. అది రీతి. నేను పుట్టినసంది చూసిన రీతి. దాన్ని నాకు పద్దెనిమిది వేల అడుగుల మీద ఒక కిరస్తానపాయన చెప్పవలసి వచ్చింది.

"నాకు యేసు సంగతి చదివి చెప్పినోలు వేరే" అన్నడు డాక్టర్. "దాన్ని ఇంకొకని దగ్గరికి ఎట్ల మోసుకపోవాలెనో చూపిచ్చింది ఆ గుడ్డల సేటు. మన ఆపరేటర్ బతికి, కిందికి దిగి, కడుపునిండ తిని, నీ లెక్క నాతోని కొట్లాడి, అప్పుడు అడిగితె, సంతోషంగ చెప్పేటోన్ని. పొద్దుమాపు చెప్పేటోన్ని."

మూడు నెలలు ఒడిసినయి. కిందికి దిగినం. తర్వాత ఆయన ఏ యూనిట్‌కు పోయిండో, నేను నా పన్నెండేండ్ల నౌకరి ఎట్ల చేసి వచ్చిన్నో అదంత ఇక్కడ అక్కర లేదు. ఆ ఏడాది సెలవు మీద రామన్నపేటకు వచ్చిన. గల్లపెట్టె ముందర కూసున్న. నేను ఫోన్ల చెప్పిన ఈ సంగతి బజారుల అప్పటికే పాకింది.

"ఒరే" అన్నడు బాపు, తూకం చేసుకుంటనే. "ఆ కిరస్తానపాయన, సచ్చేటోని చెవుల ఏమన్న ఊదిండా? నిజం చెప్పు."

ముందటి నేనైతె బాపు కంటె ముందు నేనే అంటుంటి ఆ మాట. చెప్పుదమని నోరు తెరిచిన. ఫోన్ మోగింది. ఆపరేటర్ తల్లి. కొండల హిందీ. నా నంబరు సుబేదారు ఇచ్చిండట. ఏడ్వలే ఆమె. ఒక్కటే అడిగింది.

"బిడ్డా, నా కొడుకు పోయేటప్పుడు నోట్ల రెండు చుక్కల నీళ్లు ఎవరన్న పోసిన్రా?"

"పోసిన్రమ్మా" అని చెప్పిన. "నా చెయ్యితోని పోసిన."

అది నిజమే. కని ఆ నీళ్లు ఎక్కడివో ఆమెకు చెప్పలేకపోయిన. పొయ్యి మీద మంచు కరిగే యాళ్ల లేదప్పుడు. ఫ్లాస్కుల నీళ్లు రాయి కట్టినయి. మీ దాంట్ల ఆఖరికి నోట్ల నీళ్లు పోస్తరు గద అని గుర్తుచేసింది డాక్టరే. గ్లవ్స్ పీకేసి, తలుపు సందుల నుంచి పిడికెడు మంచు తీసి, రెండు అరచేతుల నడుమ ఒత్తిపట్టి కూసున్నడు. వేళ్లు ఎర్రగై, తెల్లగై, బూడిదరంగుకు తిరిగినయి. తీయలే. నీళ్లు ఊరినంక తను పోయలే. "నా చేతులనుంచి వద్దు. కిరస్తానపోడు పోసిండని వాళ్ల అమ్మకు రేపు రంది కావద్దు. నువ్వు పట్టు" అన్నడు.

దోసిలి పట్టిన. వణుకుతున్న ఆ బూడిదరంగు వేళ్ల సందుల నుంచి, ఒక్కొక్క చుక్క, నా చేతులల్లకు దిగుతాంది.