ఎస్తేరమ్మ గారు పట్టుకున్న నూలుపోగు

అరసవల్లి కూడలిలో సాయంత్రంపూట నూడిల్స్ బండి అతను వేడి మూకుట్లో వెనిగర్ చిలకరిస్తాడు. ఆ పుల్లటి ఆవిరి ముక్కుకి తగిలిందంటే చాలు, నడుస్తున్నవాణ్ణి ఉన్నచోటే ఆగిపోతాను. వెనక ఆటోలు హారన్లు కొడతాయి. గుడి నుంచి వచ్చేవాళ్ళు నన్ను చుట్టి వెళ్తారు. తినాలని ఉన్నా ఇంటావిడకి భయపడే మనిషి కాబోలని బండి అతను జాలిగా చూస్తాడు. నిజానికి ఆ క్షణంలో నేను అక్కడ ఉండను. ఎర్ర బల్బు వెలిగే ఒక ఇరుకు గదిలో, రసాయనం పోసిన పళ్ళెం మీదికి వంగి, తెల్ల కాగితం మీద మనుషులు మెల్లగా తేలి రావడం చూస్తూ ఉంటాను. ఫొటోలు కడిగే గదుల్లో ఈ వాసనే ఉండేది. ఫొటోకి వాసన ఉండేదని చెప్తే మా పిల్లలు నేను మళ్ళీ కోతలు మొదలుపెట్టాననుకుంటారు.

ఆ గది ఎస్తేరమ్మ గారిది. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవారు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ముందు వరసలో, గంజి పెట్టిన తెల్లచీరలో నిటారుగా కూర్చునే మనిషి. ఊరందరికీ ఆవిడ ఎక్స్‌రే అమ్మ. ఆవిడ బజారుకి వస్తే చేపలమ్మేవాళ్ళు చచ్చుచేపల్ని గంప అడుక్కి తోసేసేవారు, పైనుంచే ముల్లు చూసేస్తుందని. ఈ మాటలో సగం నేను పుట్టించిందే. మిగతా సగం ఎవరు పుట్టించారో ఇప్పటికీ తెలియదు.

కరెంటాఫీసులో గుమాస్తాగా చేరిన కొత్తలో, ఆఫీసు మెట్ల మీద అరటితొక్క తొక్కి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాను. అరటితొక్క అని చెప్పుకోవడానికి నామోషీగా ఉండి, ఆసుపత్రికి వెళ్ళే దారిలో కథ మార్చేశాను. ఎక్స్‌రే బల్ల మీద నా చేతిని సర్దుతూ ఆవిడ అడిగారు.

“ఎలాగ ఇరిగింది బాబూ?”

“ఉద్దానంలో ఎలుగుబంటి మీద పడిందమ్మా. లైను చూడ్డానికి వెళ్తే జీడితోటలోంచి దూకింది.”

“ఎటేపు నుంచి దూకింది?”

“ఎడమవేపు నుంచి.”

“అప్పుడు ఎండ ఎటున్నాది?”

ఎలుగుబంటి గోళ్ళూ, కోరలూ, దాని నోటి కంపు కూడా సిద్ధం చేసుకున్నాను గానీ, ఎండ గురించి ఆలోచించలేదు.

“ఎండ ఎటుందో తెలీకుండా ఎలుగ్గొడ్డుని ఎలాగ తెచ్చావురా? ఎనకనుంచి ఎండ పడితే ముందు దాని నీడ రావాల, తరవాత అది రావాల. నీడ సూసి నువ్వు సెయ్యి అడ్డం పెట్టాల. అప్పుడు కదా ఇరుగుతాది!”

ఎవరైనా నవ్వి పొమ్మనేవారు, లేదా కసిరేవారు. ఆవిడ నా అబద్ధానికి వెలుతురు పెట్టించారు. ఆ తర్వాత ఆ కథ నేను ఎక్కడ చెప్పినా జనం వెనక్కి తిరిగి చూసుకునేవారు. చెయ్యి కట్టు విప్పేసరికి ఆవిడ శిష్యుణ్ణయిపోయాను.

డ్యూటీ అయ్యాక ఆవిడ, పెద్ద డాక్టరు గారి అనుమతితో, ఎక్స్‌రే ఫిల్ములు కడిగే ఆ గదిలోనే తన సొంత ఫొటోలు కడుక్కునేవారు. స్టూడియో పెట్టాలనో, బహుమతులు కొట్టాలనో కాదు. ఆవిడకి అదొక పిచ్చి, అంతే. ఒక రోజు ఎర్రటి వెలుగులో ఒక ఫొటో తేలి వచ్చింది. సున్నం వేసిన గోడ, దాని ముందు తెల్లచీర కట్టుకుని కూర్చున్న బక్కపలచని ముసలామె. ఎడమచెయ్యి పైకెత్తి, వేళ్ళు దగ్గరకి చేర్చి, ఆ వేళ్ళ వంకే తదేకంగా చూస్తోంది. చేతిలో ఏమీ లేదు.

“ఎవరికమ్మా ఈవిడ టాటా చెప్తోంది?” అన్నాను.

ఎస్తేరమ్మ గారు నవ్వలేదు. “మా అమ్మరా. పొందూరులో నూలు వడుకుతాది. ఆ సేతికీ రాట్నం కదురుకీ మధ్యన పోగున్నాది. ఎన్నిసార్లు తీసినా పడదు. తెల్లగోడ, తెల్లచీర, తెల్లపోగు. జరిగి కూకోమంటే, నీకు బొమ్మ కావాల, నాకు ఎలుతురు కావాల అంటాది. కదలదు.”

ఆ తల్లి కొన్నాళ్ళకి పోయింది. సమాధి కార్యక్రమంలో బల్ల మీద పెట్టిన ఫొటో కూడా అదే. వచ్చిన బంధువుల్లో ఒకాయన, “దీవిస్తన్నట్టున్నాది తల్లి” అన్నాడు. ఇంకొకావిడ, “కాదు, ఎవర్నో రమ్మంటన్నాది” అంది. ఎస్తేరమ్మ గారు ఎవరినీ సరిదిద్దలేదు. చివర్న నా పక్కకొచ్చి నిలబడి మెల్లగా అన్నారు. “పుట్టిన కాణ్నుంచి సేసిన పనిరా అది. బొమ్మలో సూస్తే అమ్మ ఏ పనీ సెయ్యనట్టే ఉన్నాది.”

తర్వాత నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. రీలు కొంటానంటే ఇంట్లో యుద్ధమయ్యేది. ఆవిడ దగ్గర నేర్చుకుంటూ కొనుక్కున్న కెమెరా అటకెక్కింది. నేను కథలతోనే కాలక్షేపం చేశాను. వాటికి రీలు అక్కర్లేదు. మళ్ళీ కెమెరా పట్టుకున్నది రెండువేల పది దాటాక, ఊళ్ళో ఆఖరి ఫొటో లాబు కూడా సెల్‌ఫోన్ల కొట్టుగా మారిపోయాక. ఒక డిజిటల్ కెమెరా కొని, ఇరవైయేళ్ళ ఆకలితో మీద పడ్డాను. నాగావళిలో కొంగలు, బండెద్దుల కొమ్ములు, మందారాలు, మందారాల మీద చీమలు. మా వీధి కుక్క నన్ను చూడగానే తల ఒక పక్కకి వాల్చి కూర్చోవడం నేర్చుకుంది. వేలకి వేలు తీశాను. సంచిలో కెమెరా వేసుకుని, రిటైరై ఒంటరిగా ఉంటున్న ఎస్తేరమ్మ గారి దగ్గరకి గొప్పగా వెళ్ళాను.

ఆవిడ కెమెరా అందుకుని, వెనక తెర చూడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. నా కొంగలు అంత చెత్తగా ఉన్నాయా అనుకున్నాను.

“అమ్మగారూ, నచ్చకపోతే తిట్టండి. మొహం తిప్పుకోకండి.”

“సూస్తన్నానురా. ఇలాగైతేనే కనపడతాది. నేరుగా సూస్తే నడిమధ్యన మసి పూసినట్టు మచ్చ. నీ మొహం సూస్తే సెవులు రెండూ కనపడతాయి, మధ్యన నువ్వుండవు. అది పెద్దదవుతాదంట. కంటి డాక్టరు సెప్పాడు.”

కొంగల గురించి దారంతా కట్టుకొచ్చిన కథని అక్కడే వదిలేశాను. ఆవిడే అన్నారు. “ఇందులో రీలు లేదు కదా, ఎన్నైనా తియ్యొచ్చు కదా. మా సిన్నమ్మ ఇంకా వడుకుతన్నాది, అమ్మ కూకున్న చోటే. మచ్చ మొత్తం కమ్మేసేలోగా ఆ పోగు పడాలి. తీసికెళ్తావేట్రా అప్పలరాజూ?”

ఆ వారంలోనే పొందూరు బస్సెక్కాం. ఆవిడ పాత లెన్సు నా కొత్త కెమెరాకి అతికినట్టు సరిపోయింది. ఎండ మండిపోతోందని నేను నల్ల గొడుగు పట్టుకెళ్ళాను.

సారమ్మ గారు వరసకి ఎస్తేరమ్మ గారికి చిన్నమ్మ, వయసులో ఈవిడ కన్నా కాస్తే పెద్ద. మేం వెళ్ళేసరికి వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ దవడకున్న సన్నటి పళ్ళకి నలకలన్నీ అంటుకుని, దూది పాలనురగలా విడిపోతోంది. తర్వాత రాట్నం ముందు కూర్చుని, దూది ఏకు వేళ్ళ మధ్య పట్టుకుని, చెయ్యి వెనక్కి, పైకి లాగింది. అక్కడేదో ఉందని ఆమె కళ్ళు చెప్తున్నాయి. నాకు మాత్రం గాలి తప్ప ఏమీ కనపడలేదు. వెనక అదే సున్నం గోడ. టపటపా వంద ఫొటోలు తీశాను. వందింటిలోనూ చిన్నమ్మ ఎవరికో టాటా చెప్తోంది.

“అమ్మా, కాస్త ఇటు జరిగి కూర్చుంటే...” అన్నాను.

“నాను జరగను. గుమ్మంలోంచి ఎలుతురు నా సేతి మీద పడాల. కావాలంటే గోడని జరుపుకో.”

ఎస్తేరమ్మ గారు స్టూలు మీద కూర్చుండిపోయారు. నా చేతిలోంచి కెమెరా తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకున్నారు. అది చూడలేక, ఎవరినైనా నవ్వించకపోతే ఊపిరాడని నా జబ్బు కొద్దీ, లేచి వెళ్ళి చిన్నమ్మ వెనక నిలబడి, రాజుగారికి గొడుగు పట్టినట్టు నా నల్ల గొడుగు తెరిచి పట్టుకున్నాను.

“ఓలమ్మ! ఇంట్లో గొడుగేటే ఎస్తేరూ? పెంకు కారతన్నాదా?” అంది చిన్నమ్మ.

“కారడం కాదమ్మా. మీ మొహం కాంతికి గోడ మాడిపోతుందని.”

“ఈడెవుడే, నోరు కాదు ఇది, తిరనాళ్ళలో మైకు!”

“కదపకురా!”

ఎస్తేరమ్మ గారి కేక అది. ఆవిడ మా వైపు చూడటం లేదు. మొహం గుమ్మం వైపే ఉంది. కంటి కొసలోంచి, ఆ మచ్చ ఇంకా చేరని అంచులోంచి, నల్లటి గొడుగు గుడ్డ మీద వెలుగుతున్న గీత ఒకటి ఆవిడకి కనపడింది. నేను తల వంచి చూశాను. నిజం. చిన్నమ్మ వేళ్ళ నుంచి కదురు దాకా, ఎవరో వెలుతురుని చీల్చి ఒక్క పాయ తీసినట్టు, పోగు మెరుస్తోంది.

తర్వాత జరిగింది నేను చెప్తే నమ్మరు, నా పేరు అలాంటిది. ఆవిడ సంచిలోంచి ముడులు వేసిన ఒక తాడు తీశారు. దాని ఒక కొస కెమెరాకి కట్టి, రెండో కొస చిన్నమ్మ వేళ్ళ దాకా లాగి, ఏ ముడి దగ్గరకి వచ్చిందో తడిమి చూసుకున్నారు. లెన్సు మీద దూరం సరిచేసే చక్రానికి ప్రతి ముడికీ ఒక గాటు పెట్టి ఉంచుకున్నారు. చూపు తగ్గుతోందని తెలిసిన నాటి నుంచి, ఈ రోజు కోసం, ఇంట్లో కూర్చుని చేసుకున్న ఏర్పాటు. వేలిగోరుతో గాటు వెతికి, చక్రం అక్కడికి తిప్పి ఆపారు.

“ఎక్స్‌రే గదిలో ఎముకని సూసి తీస్తామేట్రా? దూరం కొలిచి తీస్తాం. కెమెరా నలుపు సూసి కంగారుపడతాది, ఎలుతురు ఎక్కువ లాగేస్తాది. తగ్గించు. ఇంకొంచెం.”

గొడుగు కర్రని గడ్డం కింద ఇరికించుకుని, ఆవిడ అందించిన కెమెరాకి చెప్పినట్టు మీట తిప్పి ఇచ్చాను. ఆవిడ తాడు మళ్ళీ బిగువుగా లాగి దూరం చూసుకున్నారు. అప్పుడు ఆవిడ కళ్ళు మూసుకున్నారు. రాట్నం చప్పుడు వింటున్నారు. పోగు సాగుతున్నంతసేపూ ఒక గుంయ్‌మనే శబ్దం. చెయ్యి పూర్తిగా పైకి చేరి, పోగు కదురుకి చుట్టుకోబోయే ముందు ఒక చిన్న విరామం. ఆ ఇంట్లో, తల్లి పక్కన పడుకుని, పుట్టినప్పటి నుంచి విన్న విరామం అది. సరిగ్గా అక్కడ బటన్ నొక్కారు. ఒకే ఒక్కసారి. ఇన్నేళ్ళుగా లేని ఎలుగుబంట్లతో ఊరిని ఆశ్చర్యపరిచిన నేను, ఆ గదిలో గొడుగు దించడం కూడా మరిచిపోయి నిలబడ్డాను.

కెమెరా వెనక తెర అగ్గిపెట్టెంత. అది మొత్తం ఆవిడ మచ్చలో పడిపోయింది. “వచ్చిందేట్రా?” అని అడుగుతున్నారు. వచ్చిందని నేనంటే ఎవరు నమ్మాలి? చిన్నమ్మ ఇంట్లో కొత్త టీవీ ఉంది. వైరు తగిలించి, ఫొటోని అందులో వేశాను. గోడంత చిన్నమ్మ, గోడంత చెయ్యి, ఆ కొస నుంచి ఈ కొసకి పోగు.

ముందు చిన్నమ్మే అరిచింది. “సీ సీ! ఇదేటిది, పడవ మోకులాగున్నాది! నానింత లావు వడికానని ఊరంతా సెప్పుకుంటారు. తీసీయ్ బాబూ, నా పరువు పోతాది!”

“పెద్దది చేస్తే అలా కనపడుతుందమ్మా.”

“అయితే సిన్నది సెయ్యి! కనపడకుండా సెయ్యి! కనపడని పోగే మా పొందూరు పోగు!”

నేను పగలబడి నవ్వుతుంటే, ఎస్తేరమ్మ గారు టీవీ దగ్గరకి నడిచారు. దానితో అలిగినట్టు మొహం పక్కకి తిప్పుకుని, కంటి కొసతో చూస్తూ, చూపుడువేలు తెర మీద పెట్టారు. కదురు దగ్గర మొదలుపెట్టి, పోగు వెంబడే వేలు నడిపించుకుంటూ పైకి, ఇంకా పైకి వెళ్ళారు. వేళ్ళ దగ్గర ఆగారు.

“ఉన్నాదిరా. ఎక్కడా తెగలేదు.” వేలు తెర మీంచి తియ్యలేదు. “అమ్మ సేతిలో కూడా ఉన్నాది. మనకి పడలేదు, అంతే.”

చిన్నమ్మ గొణుగుడు ఆపింది. లేచొచ్చి, మోకు సంగతి మరిచిపోయి, ఎస్తేరమ్మ గారి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదు. ఏడ్చారని రాస్తే మీకు బాగుండేది. నాకూ బాగుండేది.

ఆ పైన కొన్ని నెలలకి మచ్చ పూర్తిగా కమ్మింది. ఆ తర్వాత ఆవిడా ఎక్కువ కాలం లేరు. నాకు ఆవిడ దగ్గర నుంచి అంటుకున్నది ఒక చిత్రమైన అలవాటు. అంతా సరిచూసుకుని, ఇక నొక్కుతాననగా, మెడ పక్కకి తిప్పి, తియ్యబోయేదాన్ని కంటి కొసతో ఒకసారి చూస్తాను. కెమెరాతో పోట్లాడినట్టుంటావని మా ఆవిడ నవ్వుతుంది. మొన్న నెల్లిమర్లలో జూట్ మిల్లు డ్యూటీ దిగి వస్తున్న జనాన్ని తీస్తూ, మధ్యలో మీసాలు మెలేసి నిలబడ్డ పెద్దాయన మీద గురి పెట్టాను. అలవాటు కొద్దీ మెడ తిప్పాను. గేటు పక్కన ఒకామె వంగి చెప్పు సర్దుకుంటోంది. ఆమె జుట్టు నిండా జనపనార పీచు. పడమటి ఎండ ఆ పీచులోకి దూరి, తలంతా బంగారు పొగలా వెలిగిపోతోంది. ఆమెకి ఆ సంగతి తెలియదు. చెప్పు సర్దుకుని, తల దులుపుకుని, ఆటో ఎక్కేసింది.

నేను కెమెరా అటు తిప్పేలోగా అంతా అయిపోయింది. అయినా, చాలాసేపు కెమెరా దించలేదు.