చౌరస్తాలో తీసిన వీడియో

పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ వీడియోలు తీయడం నా పని. కరీంనగర్ వైపు ఒక చిన్న పట్టణంలో నాకు స్టూడియో ఉంది. ‘ఎందుకు తీసినవ్’ అని నన్నెవరూ అడిగింది లేదు. ‘మమ్ముల సరిగ్గ తీయలే’ అన్నవాళ్ళే అందరూ.

ఒకనాడు నిర్మల్‌లో పెళ్ళి వీడియో ముగించుకుని మా ఊళ్ళో బస్సు దిగేసరికి, చౌరస్తాలో మా ఎస్సై ఒక ఆటో డ్రైవరును కొడుతున్నాడు. ఆ డ్రైవరు దుబాయ్ నుంచి తిరిగొచ్చి, కొండగట్టుకు భక్తులను తిప్పుకుంటూ బతుకుతున్న మనిషి. ఆటోను రోడ్డు మీద ఆపడమే అతని తప్పు. నేను రోడ్డుకు ఇవతల నిలబడి ఫోన్ తీశాను. అలవాటైన చేయి, ఎస్సై ముఖం ఫ్రేములోంచి పోకుండా చూసుకుంది.

విధులకు ఆటంకం కలిగించానని నన్ను జీపెక్కించారు. అంత దూరం నుంచి ఎలా ఆటంకపరిచానో నాకిప్పటికీ తెలియదు.

స్టేషన్‌లో ఎస్సై నా ఫోన్ లాక్కుని, “మా బిడ్డ బర్త్‌డే వీడియో నువ్వే గదా తీసింది? దాంట్ల నేను ఒక్కపారి గూడ మంచిగ కనవడలే. గిప్పుడేమో పూరా నన్నే తీసినవ్!” అన్నాడు.

“గప్పుడు మీరు ఒక్కకాడ నిలవడలే సార్,” అన్నాను. ఆ మాటకు మర్నాటి దాకా లాకప్‌లో ఉన్నాను.

బెయిల్ మీద ఇల్లు చేరితే, “పెండ్లిళ్ళు సాలయా కొడుకా, పోలీసోళ్ళతోని నీకేం పని?” అని అవ్వ ఏడ్చింది. నా భార్య మాత్రం వకీలు దగ్గరికి నడిచింది. నా మీది కేసు కొట్టేయాలనీ, అక్రమంగా నిర్బంధించినందుకు పరిహారం ఇప్పించాలనీ హైకోర్టుకెక్కాం. సాక్ష్యం చెప్పమని డ్రైవరును అడిగితే, “నాకేం యాదికి లేదన్నా,” అన్నాడు. చెంప మీద వాపు అప్పటికింకా తగ్గలేదు.

నా మీది కేసుకు సాక్ష్యమని పోలీసులే నా ఫోన్‌ను వీడియోతో సహా కోర్టులో పెట్టారు. ఏళ్ళు గడిచాయి. వీడియోలో ఉన్నది ఎస్సైయేనని చెప్పలేమని ప్రభుత్వ వకీలు వాదించాడు. వృత్తిపరంగా నాకది అవమానమే. చివరికి, దూరంగా నిలబడి పోలీసులను వీడియో తీయడం నేరం కాదని కోర్టు తేల్చింది. పరిహారం వచ్చింది, ఫోనూ వచ్చింది. ఎస్సైకి బదిలీ అయింది, ఇంతకంటే మంచి స్టేషన్‌కట.

కొన్నాళ్ళకు డ్రైవరు కొండగట్టు లడ్డూలు పట్టుకుని స్టూడియోకు వచ్చాడు.

“గెల్సినవంట గదన్నా, మంచిగైంది. గా వీడియో జర డిలీట్ జెయ్యన్నా. నా బిడ్డ పెద్దగైతుంది. దాని కంట్ల వడితే నా ఇజ్జత్ పోతది.”

అంత కొట్లాడి తెచ్చుకున్నదాన్ని అతని కళ్ళ ముందే తుడిచేశాను. కోర్టు ఫైల్లో ఇంకో కాపీ ఉందని కూడా దాచకుండా చెప్పాను.

“గా కాయితాలు ఎవలు సూస్తరన్నా,” అంటూ నిశ్చింతగా నా చేతిలో లడ్డూ పెట్టాడు.