లక్ష్మీపతి గారి రివాల్వర్ బేరం

ఆరిజోనాలో మా చాండ్లర్ ఊరి తెలుగువాళ్ళ ఇళ్ళలో లక్ష్మీపతి గారి చెయ్యి పడని సామాను తక్కువ. మా సోఫా ఆయన బేరం చేసిందే. మా అమ్మాయి నైనిక తొక్కే సైకిలూ అంతే. మా కారు కొన్న రోజున అమ్మినవాడు చివరికి ఆయన చేతిలో చల్లటి సోడా పెట్టి, దండం పెట్టినంత పని చేసి పంపించాడు. కొత్త వస్తువు కొనాలంటే ఆయనకు ఒంట్లో బాగుండదు. "బాక్స్ ఓపెన్ చేయగానే సగం వాల్యూ పోతుంది మోహనూ, ఎందుకొచ్చిన బాధ" అంటారు.

సొంతూరు తెనాలి. ఇక్కడి చిప్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా ఇంజనీరు. తనకోసం చేసుకునే బేరాల కన్నా ఊళ్ళోవాళ్ళకు చేసిపెట్టే బేరాలే ఎక్కువ. అందుకు ఎవరి దగ్గరా కాఫీ తప్ప ఏమీ పుచ్చుకోరు. ఇండియా నుంచి కొత్తగా ఒక కుటుంబం దిగిందని తెలిస్తే చాలు, వాళ్ళ సూట్‌కేసులు విప్పకముందే ఆయన పాత పికప్ ట్రక్కు మంచాన్నీ డైనింగ్ టేబుల్నీ మోసుకుని గుమ్మంలో ఆగుతుంది. మేం దిగినప్పుడూ అలాగే ఆగింది. అప్పటికి ఆయనెవరో మాకు తెలియనే తెలియదు.

ఆయన బేరానికి ఒక పద్ధతుంది. వస్తువు చూస్తారు, పెదవి విరుస్తారు, సగం ధర చెబుతారు. అవతలివాడు కుదరదంటే "సరేనండీ, ఉంటాం" అని లేచి నడుస్తారు. వెనక్కి మాత్రం చూడరు. చూస్తే బేరం పోయినట్టేనట. గుమ్మం దాటేలోగా వెనకనుంచి పిలుపు వస్తుందని ఆయన నమ్మకం. నేను వెంట వెళ్ళినప్పుడల్లా వచ్చింది కూడా. హన్మకొండలో మా అమ్మ గాజుల కొట్టు దగ్గర ఇదే పని చేసేది కాబట్టి నాకు విద్య కొత్తది కాదు, కానీ ఆయన వెనకాల నడిచే ఆ నాలుగడుగులూ నాకు సిగ్గుతో చెవులు కాలిపోయేవి.

అలాంటి మనిషికి పోయిన మార్చిలో రివాల్వర్ కొనాలన్న బుద్ధి పుట్టింది. మా వీధి చివర ఒక తెలుగువాళ్ళ ఇంట్లో దొంగలు పడి బంగారం ఎత్తుకుపోయారు. లక్ష్మీపతి గారికి నైట్ షిఫ్టులు. ఇంట్లో భార్య ఛాయాదేవి గారు ఒక్కరే ఉంటారని ఆయన దిగులు. ఆవిడకు లేని దిగులు ఆయనకెందుకో నాకు అర్థం కాలేదు.

"దొంగ వస్తే మీరు ముందు కళ్ళజోడు వెతుక్కోవాలి. అది దొరికేసరికి వాడు కాఫీ కూడా కలుపుకుని తాగి వెళ్తాడు" అన్నారావిడ.

"నీకోసమే కదుటే."

"నాకోసమైతే నైట్ షిఫ్టు మానండి."

ఈయన ఆ మాట వినిపించనట్టు ఫోన్ నా ముందు పెట్టారు. అపాచీ జంక్షన్‌లో ఎవరో ముసలాయన పాత రివాల్వర్ అమ్ముతానని ప్రకటన ఇచ్చాడు. "మంచి ఇంటికి మాత్రమే" అని కింద రాశాడు. కుక్కపిల్లను అమ్మేవాడు రాసినట్టుంది.

"నువ్వూ రా మోహనూ" అన్నారు.

"అన్నా, నేను హెచ్-వన్ వీసా మీద ఉన్న. మా లాయర్ క్లియర్‌గ చెప్పిండు, గన్ చేత్తోని ముట్టుకోవద్దని. మీరు సిటిజన్, మీకేంది!"

"ముట్టుకోకు. జేబులో చేతులు పెట్టుకుని నిలబడు."

శనివారం మధ్యాహ్నం అలాగే బయల్దేరాం. కొండల దగ్గర, వరసగా ఉన్న మొబైల్ హోముల్లో, అంటే ట్రక్కు మీద తెచ్చి దించే ఇళ్ళలో, ఒకటి ఆయనది. ముందు గులకరాళ్ళు, రెండు కాక్టస్‌లు, నీడకు ఒక రేకు పందిరి. తలుపు మేం కొట్టకముందే తెరుచుకుంది. పొడుగ్గా, వంగిపోయిన ఒక పెద్దాయన నోటి మీద వేలు పెట్టి మమ్మల్ని గరాజ్ వైపు తీసుకెళ్ళాడు. పేరు వాల్టర్. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే గానీ నాకెందుకో ఆ మాటలు తెలుగులోనే గుర్తున్నాయి.

ముందు లక్ష్మీపతి గారి డ్రైవింగ్ లైసెన్స్ చూశాడు. ఆరిజోనా మనిషేనా, సిటిజనేనా అని అడిగాడు. తరవాత గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"మా ఆవిడ మార్జరీ నిద్రపోతోంది. ఆమెకు మతిమరుపు జబ్బు. ఈమధ్య అర్ధరాత్రి లేచి, పక్కన ఉన్న నన్ను చూసి ఎవరు నువ్వు అని అరుస్తోంది. ఈ రివాల్వర్ ఆమెది. వాళ్ళ నాన్న పెళ్ళికి ఇచ్చాడు. నాకంటే బాగా కాలుస్తుంది. ఎక్కడ దాచినా వెతికి పట్టుకుంటోంది. మొన్న తలగడ కింద దొరికింది. తూటాలు తీసేసి పక్కింటివాళ్ళకు ఇచ్చేశాను, కానీ ఆమె కొత్తవి కొనుక్కోగలదు. అడిగితే ఇవ్వనంటుంది. అందుకే ఆమె లేవకముందు ఇది ఇల్లు దాటాలి."

చెబుతూ గుడ్డ విప్పాడు. నల్లగా, చిన్నగా, చెక్కపిడితో ఉంది. నేను జేబుల్లో చేతులు ఇంకా లోపలికి తోశాను.

ఇంత విన్నాక ఎవరైనా ఏం చేస్తారు? డబ్బిచ్చి తీసుకుంటారు. లక్ష్మీపతి గారు దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచారు. ఆయనకు మనసు లేక కాదు. ముప్పై ఏళ్ళ అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది. సగం ధర చెప్పేశారు.

వాల్టర్ రివాల్వర్ వెనక్కి తీసుకుని, అంత తక్కువకు కుదరదేమోనన్నాడు.

"సరేనండీ, ఉంటాం" అని ఈయన ఇంగ్లీషులో అనేసి నడిచారు. నేను వెనక నడిచాను. గులకరాళ్ళు దాటాం. ట్రక్కెక్కాం. పిలుపు రాలేదు.

సందు చివర పెట్రోలు బంకు పక్కన ఆపి, "చూస్తూ ఉండు, ఫోన్ చేస్తాడు" అన్నారు. చేయలేదు. ఆయన ఫోన్ తీసి సిగ్నల్ ఉందా లేదా అని చూసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఆ ముసలాయన ఏం చెప్పిండో విన్నరా మీరు? ఆమె లేస్తదేమోనని భయంతోని మాట్లాడుతుంటే బేరమా?"

"విన్నానురా. వింటూనే ఉన్నాను. నోట్లోంచి వచ్చేసింది." స్టీరింగ్ మీద చెయ్యి కొట్టుకుని, "ఒకసారి లేచి వచ్చేశాక మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాం?" అని ఇంటికి తిప్పేశారు. ఇంకెవరైనా కొనుక్కుంటారులే అనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ఊరుకున్నాను.

ఛాయాదేవి గారు ఊరుకోలేదు. సంగతంతా విని, కూరగాయలు తరిగే కత్తి పక్కన పెట్టేశారు.

"ఏవండీ, అక్కడ ఆవిడ మొగుణ్ణే దొంగనుకుంటోందని చెబితే, మీరు రేటు తగ్గించమని వచ్చారా? పిలుస్తాడని కూర్చున్నారా? వాళ్ళేమన్నా సికింద్రాబాద్ మోండా మార్కెట్లో పెరిగారా, మీ వేషాలు తెలియడానికి? వద్దంటే వద్దనే అనుకుంటారు వాళ్ళు."

"అది కాదే..."

"ఈ రాత్రి ఆ ఇంట్లో ఏదైనా అయితే నాకు ఈ జన్మలో నిద్ర పట్టదు. లేవండి. ఆ దిక్కుమాలింది నా ఇంట్లోకి తెచ్చినా సరే, ముందు ఆ ఇంట్లోంచి తియ్యండి."

మాట్లాడుతూనే ఒక డబ్బాలో కజ్జికాయలు సర్ది నా చేతికిచ్చారు. నాకోసం కాదు, ఆ ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని. దారిలో ట్రక్కు ఎక్కడా ఆగలేదు. లక్ష్మీపతి గారు స్పీడ్ లిమిట్ దాటడం అదే మొదటిసారి చూశాను.

మేం చేరేసరికి ఇంకా వెలుగుంది. వాల్టర్ ఆ గరాజ్‌లోనే, గుడ్డలో చుట్టిన రివాల్వర్ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంట్లో పెడితే దొరుకుతుందని దాన్ని కిందకు దించలేదట.

"క్షమించండి. మీరు పిలుస్తారనుకున్నాను" అన్నారు లక్ష్మీపతి గారు.

"మీకు వద్దేమో అనుకున్నాను. ఇష్టం లేని మనిషికి తుపాకీ ఎలా అంటగడతాం?" అన్నాడాయన. మాటలో కోపం లేదు.

ఈయన జేబులోంచి వాల్టర్ మొదట చెప్పిన ధరంతా తీశారు. అప్పుడే లోపలి తలుపు తెరుచుకుంది. స్వెట్టర్ వేసుకున్న ఒక చిన్న మనిషి, తెల్లటి జుట్టు, చురుకైన కళ్ళు. మార్జరీ.

"అది నాది" అందామె.

వాల్టర్ రివాల్వర్ పట్టుకునే కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడు ఆమె లాక్కుంటే ఏం చేస్తాం? నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. లక్ష్మీపతి గారు మాత్రం డబ్బు మళ్ళీ జేబులో పెట్టేసుకుని, వంగి, మన ఇంట్లో పెద్దావిడతో మాట్లాడినట్టు అన్నారు.

"మీదేనటమ్మా. అందుకే మిమ్మల్ని అడుగుదామని వచ్చాను. నాకు అమ్ముతారా?"

ఆమె ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "వాల్టర్ ఎంత చెప్పాడు?"

చెప్పారు.

"వాల్టర్‌కు ధరలు తెలియవు. నేను మా నాన్న దాణా కొట్టులో పెరిగాను" అని, దానికి రెట్టింపు అడిగింది.

లక్ష్మీపతి గారు పెదవి విరిచారు. నేను వెనకనుంచి ఆయన చొక్కా లాగాను. ఆయన నా చెయ్యి తోసేసి, కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నారు. పిడి మీద గీత చూపించారు. ఆమె ఆ గీత ఎలా పడిందో చెప్పింది. పాతదన్నారు. మీరు మాత్రం కొత్తవారా అంది. ఈయన ఒక మాట పెంచితే ఆమె అరమాట తగ్గింది. మాట్లాడేకొద్దీ ఆమె నడుం నిటారైంది, బుగ్గలకు రంగొచ్చింది. వాల్టర్ గోడకు ఆనుకుని నిలబడి ఆమెనే చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"సరేనమ్మా, ఉంటాను" అని లక్ష్మీపతి గారు లేచారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆయన గరాజ్ తలుపు వైపు నడుస్తున్నారు, అడుగు అడుగుకూ నెమ్మదిస్తున్నారు. వెనక చప్పుడు లేదు. ఆయనకే భయమేసినట్టుంది. నేనెరిగినంతలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశారు.

మార్జరీ చేతులు చరిచి నవ్వింది. "చూశావు! వెనక్కి చూశావు! ఓడిపోయావు అబ్బాయ్. ఇలా రా, నేను చెప్పిన ధర ఇవ్వు."

ఆయన ఎంత సంతోషంగా ఓడిపోయారో నేను చెప్పలేను. ఆమె అడిగిందంతా ఆమె చేతిలో పెట్టారు. వాల్టర్ దాని తాళం పెట్టె తెస్తానని, రివాల్వర్ చేత్తో పట్టుకునే లోపలికి వెళ్ళాడు. నేను కజ్జికాయల డబ్బా మార్జరీ ఒళ్ళో పెట్టాను. ఆమె మూత తీయలేదు. లోపలి తలుపు కేసి చూసి, లక్ష్మీపతి గారి మణికట్టు పట్టుకుని దగ్గరకు లాక్కుంది.

"దాన్ని దూరంగా తీసుకెళ్ళు. మళ్ళీ నేను వచ్చి అడిగినా ఇవ్వకు" అంది. గొంతు చాలా చిన్నగా, చాలా స్పష్టంగా ఉంది. "ఏదో ఒక రోజు నేను ఆయన్ని గుర్తుపట్టను. ఆ రోజు అది నా చేతిలో ఉండకూడదు. నాకు తెలుసని ఆయనకు చెప్పకు. తట్టుకోలేడు."

లక్ష్మీపతి గారు తల ఊపారు. ఆయన రెండో చెయ్యి ఆమె చేతి మీద అలాగే ఉండిపోయింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది.

వాల్టర్ పెట్టె తెచ్చేసరికి ఆమె కజ్జికాయ కొరికి, చాలా ఆలస్యం చేశావని ఆయన్ని కోప్పడుతోంది. పెట్టె మాకిచ్చి ట్రక్కు దాకా సాగనంపాడాయన. కిటికీ దగ్గర ఆగి, ఇంకా నమ్మలేనట్టు అడిగాడు.

"ఆమె పోట్లాడుతుందనుకున్నాను. మనసు విరిగిపోతుందనుకున్నాను. ఎలా ఒప్పుకుంది?"

లక్ష్మీపతి గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"బేరం కుదిరిందండీ, అంతే" అన్నారు.