జర ఎండల జూసి రా

కొత్త ఫాల్ బట్టకు ఒక గంజి వాసన ఉంటుంది. బడంగ్‌పేట్‌లో మా బీరువా కింది అరలోని అట్టపెట్టె మూత తీస్తే చాలు, దిల్‌సుఖ్‌నగర్‌లో చీరలకు అమ్మ ఫాల్, పీకో కుట్టిన పాత బజారు తన ఆకుపచ్చ వెలుతురుతో సహా ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఎదురెదురుగా రెండు వరుసల చిన్న దుకాణాలు, మా మాటలో మల్గీలు, మధ్యలో రెండు గొడుగులు పక్కపక్కన పట్టనంత సందు. కట్టినప్పుడు సందుకు కప్పు లేదట. మొదటి వానాకాలమే దుకాణాల ముందు వేలాడదీసిన చీరలన్నీ తడిసిపోతే, ఓనరు ఇనుప కమ్మీలు అడ్డంగా బిగించి ఆకుపచ్చ ఫైబరు రేకులు పరిపించాడట. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ చెరువు అడుగున కూర్చున్నట్టుండేది. సిమెంటు జాలీలో పావురాలు, శ్రావణంలో రేకుల మీద వాన మోత, సందు మొదట్లో వేగే మిర్చిబజ్జీల ఘాటు. మేడమెట్ల కింద మిగిలిన జాగాయే మా మల్గీ. వెనక్కి పోయేకొద్దీ కప్పు కిందికి వాలేది. పెద్దవాళ్ళు నిలబడలేని ఆ మూల నాది. బడి వదలగానే అక్కడ ముడుచుకొని చదువుకునేదాన్ని, డైరీ రాసుకునేదాన్ని. నన్ను పలకరించేవాళ్ళు లేరు, పలకరిస్తే జవాబు చెప్పే ధైర్యమూ నాకు లేదు.

ఆ వెలుతురులో ఏ రంగూ నిజం చెప్పేది కాదు. అందుకే గాజులైనా, జాకెట్టు ముక్కైనా పట్టుకొని సందు మొదటికి పోయి, ఎండలో చూసుకొని రావడం అక్కడి అలవాటు. ఎటు పోతున్నావని ఏ దుకాణదారూ అడిగేవాడు కాదు. మా మల్గీలో ఆ పని నాది. "బిడ్డా, జర ఎండల జూసి రా" అంటూ అమ్మ చీరా, రెండు ఫాళ్ళూ చేతిలో పెట్టేది. నా మాట మీదే దారం ఎక్కించేది. ఆ కాస్త దూరం మాత్రం నేను తలెత్తి నడిచేదాన్ని.

ఆరో తరగతిలో ఒక సాయంత్రం సందు మొదట్లో మా క్లాసు అమ్మాయిలు నలుగురు బజ్జీలు తింటూ నిలబడి ఉన్నారు. యూనిఫాంలో, ఎవరిదో చీర మోసుకుంటూ వాళ్ళ ముందుకు పోలేక సగంలోనే ఆగి, వెనక్కి వచ్చి, ఏదో ఒక ఫాల్ అమ్మకిచ్చి "జూసిన" అన్నాను.

మర్నాడు ఆ చీర తీసుకుపోయిన టీచరుగారు, గుంటూరు వైపు నుంచి వచ్చి మా వైపు స్థిరపడినావిడ, దాన్ని తిరిగి తెచ్చి మిషన్ మీద పరిచారు.

"నిమ్మపండు చీరకి చిలకపచ్చ ఫాలేంటమ్మా? రేపు మా ఆడపడుచు గృహప్రవేశం. చిలకజోస్యం చెప్పడానికి వచ్చాననుకుంటారు!"

"తప్పయింది మేడం. గంటల ఇస్త" అని అమ్మ కుట్టంతా విప్పింది. ఇంకో ఫాల్ తీసుకొని తానే ఎండలోకి నడిచింది. మోకాళ్ళు నొప్పి పుట్టినా ఆ తర్వాత ఎప్పుడూ నన్ను పంపలేదు. 'అమ్మకు నా కళ్ళ మీద నమ్మకం పోయింది' అని డైరీలో రాసుకొని, ఆ మూలలో ఇంకాస్త లోపలికి జరిగాను. డిగ్రీ అయ్యేదాకా అక్కడే ఉన్నాను.

పోయిన నెల, బజారు పడగొడతారని అందరినీ ఖాళీ చేయమన్నారు. మిషన్ తెచ్చుకోవడానికి వెళ్ళేసరికి రేకులు విప్పేసి ఉన్నాయి. మొజాయిక్ నేలలో ఎర్రరాళ్ళున్నాయని ఆ రోజే చూశాను. ఫాళ్ళు పెట్టెలో సర్దుతూ ఇన్నేళ్ళ మాట బయటపెట్టాను.

"అమ్మా, గా రోజు నేను ఎండలకు పోలే."

"ఎర్కనే. నీ తోటి పోరీలు గాడ నిలబడిరి గదా. నీకు శరమయితదని గప్పటిసంది నేనే పోతుంటి." అమ్మ చేతిలో రెండు పసుపు ఫాళ్ళున్నాయి. "గీటిల నిమ్మపండుది ఏదో, జర ఎండల జూసి రా."

ఎండ మేం కూర్చున్న చోటే ఉంది. అయినా రెండూ తీసుకొని సందు మొదటిదాకా నడిచాను. అక్కడ ఎవరూ లేరు. తిరిగి వచ్చి "జూసిన" అన్నాను.

ఇప్పుడు అక్కడ సందు లేదు, అడ్డంగా కట్టిన నీలం రేకులున్నాయి. మొన్న ఎల్‌బీ నగర్‌లో ఒక పెద్ద షాపులో అమ్మ అలవాటు కొద్దీ రంగు ఎండలో చూద్దామని చీర చేతపట్టుకొని తలుపు వైపు నడిచింది. ఎటు పోతున్నారంటూ గార్డు అడ్డం వచ్చాడు.